గడువు తీరిన మాయాబజార్

సంక్రాంతి సెలవులకి ఊరెళ్లే ముందు హాస్టల్ వైఫైలో ‘మాయాబజార్’ ట్యాబ్‌లోకి డౌన్‌లోడ్ చేశాను, అమ్మమ్మ కోసం. మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే మేడెక్కాలి. అందుకే ఆ ముందుజాగ్రత్త. బస్సులో నిద్రపట్టక ఓ పది నిమిషాలు చూశాను కూడా. అదే నేను చేసిన తప్పు. కనుమ మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం కూర్చుని తెరిస్తే, గడువు తీరింది, ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వమంది యాప్. ఒకసారి ప్లే నొక్కితే 48 గంటలేనట!

"తెచ్చానన్నావు కదరా?" అంది అమ్మమ్మ.

మామయ్య బీరువాలోంచి పాత డీవీడీ తీసి, లుంగీ అంచుతో తుడిచి పెట్టాడు. ఆడింది. ఘటోత్కచుడు విందుకి కూర్చునే చోట గీత పడి ఆగిపోయింది. మామయ్య రిమోట్‌తో ముందుకి జరిపేలోపు ఆ కాస్త కథా అమ్మమ్మే చెప్పేసింది.

డిస్కులంటే నాకేమీ భక్తి లేదు. గీతలు పడతాయి, వానాకాలం బూజు పడుతుంది. వీసీడీల రోజులైతే మరీను: ఒక్కోదానిలో 80 నిమిషాలకి మించి పట్టదు కాబట్టి మూడు గంటల సినిమాకి మూడు డిస్కులు, రెండుసార్లు లేవడం. ఇప్పుడు మా సెక్షన్‌లో ఒక్క లాప్‌టాప్‌కీ డిస్క్ డ్రైవ్ లేదు. డౌన్‌లోడ్ సుఖం, ఒప్పుకుంటాను.

కానీ క్వాలిటీ కూడా అదే కదా అంటే మాత్రం ఒప్పుకోను. 1080పి అని రెండిటి మీదా రాసి ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. బ్లూ-రేలో వీడియోకి 40 ఎంబీపీఎస్ దాకా అవకాశం ఉంటే, నెట్‌ఫ్లిక్స్ వాళ్లు 1080పికి 5 ఎంబీపీఎస్ కనెక్షన్ చాలంటారు. కొత్త కోడెక్‌లు కొంత పూడుస్తాయి, నిజమే. చీకటి సీన్లలో నలుపు గళ్లుగళ్లుగా కనిపిస్తే ఎక్కడ పొదుపు చేశారో అర్థమవుతుంది.

అసలు గొడవ అది కాదు. ‘కొనండి’ అన్న బటన్ నొక్కి డబ్బు కట్టినా మనకి దక్కేది చాలాసార్లు లైసెన్సే. ఈ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా 2024లో చట్టమే చేసింది. శాశ్వతంగా దింపుకుని, నెట్ లేకుండా చూసుకోగలిగిన ఫైలుకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. నా వాదనా అంతే. అలాంటి ఫైలు అమ్మితే డిస్కు ఊసే ఎత్తను, హార్డ్ డిస్క్‌లో రెండు కాపీలు పెట్టుకుంటాను. అమ్మనంతవరకూ ఇష్టమైన పది సినిమాలైనా డిస్కుల్లో ఉండాలి. పక్కింటివాళ్లకి ఇవ్వొచ్చు. తిరిగి రాకపోతే పోట్లాడొచ్చు. నా లైసెన్సుని అమ్మమ్మకి ఎలా ఇవ్వను?

మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె ఉంటుంది, గుర్తుందా? మూత తెరిస్తే ఎవరికి ఇష్టమైనవాళ్లు వాళ్లకి కనిపిస్తారు. 1957లో తీసిన ఆ పెట్టె కూడా లాగిన్ అడగలేదు.

సెలవులయ్యాక యూఎస్‌బీకి పెట్టుకునే డీవీడీ డ్రైవ్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. మా రూమ్‌లోనే ఉంది. ఇళ్లల్లో పాత డిస్కులుంటే ఈసారి వచ్చేటప్పుడు పట్టుకురండి. గీతలున్నా పర్లేదు.