రాళ్లకాలువ రాళ్లు

ప్రాచీనతను గూర్చి ప్రసంగించునపుడు మనవారి కంఠమునకు గల బలము మఱి యే విషయమునను గానరాదు. ప్రపంచమంతయు చెట్లకొమ్మలపై నివసించుచుండగా మన పూర్వులు పట్టుబట్టలు గట్టి ప్రాసాదములందు వసించిరని వక్త సెలవిచ్చును. సభవారు చప్పట్లు చఱతురు. అధ్యక్షుడు వందనములు సమర్పించును. సభ ముగిసి యింటికేగు దారిలో రోడ్డుప్రక్కను కంకర మిల్లు తిరుగుచుండును. పూర్వులు నిజముగా చేతబట్టిన రాళ్లును, తమ మృతులకై నిజముగా నెత్తిన పలకలును అట్టి మిల్లుల నోటబడుటకు సిద్ధముగా నున్నవని ఆ వక్తకు దోచదు. చప్పట్లు చఱచిన మనకును దోచదు. ఈ మాటలకును ఈ చేతలకును గల దూరమును గూర్చియే నేడు మేము వ్రాయదలచితిమి.

రేణిగుంట పేరు వినని యాత్రికుడు లేడు. ఉత్తరమునుండియు దక్షిణమునుండియు వచ్చు రైళ్లచట గలిసికొనును. విమానములును అచటనే దిగును. తిరుపతికి బోవు తొందరలో నున్నవాడు ఆ ప్రాంతమున స్వర్ణముఖిలో గలియు రాళ్లకాలువ యను చిన్నవాగు వంక చూడడు. పేరులోనే రాళ్లున్న ఆ వాగు లోయలో ఎం. ఎల్. కె. మూర్తిగారు ఏఱిన రాతి పనిముట్లను గూర్చి 1968లో ప్రకటించిరి. అవి సన్నని పొడవైన రాతిపెచ్చులు, కత్తి అలుగువలె నుండునవి. వ్రేలు తెగకుండుటకో పిడిలో నిముడుటకో కొన్నింటి యొక యంచును మొద్దుపఱచిరి. మఱికొన్నింటి కొనను ఉలివలె దీర్చిరి. రాతి నెట్లుబడిన నట్లు పగులగొట్టిన నిట్టివి రావు. ముద్దరాతిని ముందు చుట్టును దీర్చి, దెబ్బ యెచట వేయవలెనో, ఏ వాలున వేయవలెనో మనసున నెంచుకొని, ఒక పెచ్చు వెంట మఱియొక పెచ్చు లేచునట్లు కొట్టవలెను. ఇది పాత రాతియుగపు కడపటి దశ. మన దేశమున నాగలి యింకను పుట్టని కాలము. నమ్మనివారు ఒక గులకరాయిని తీసికొని యొకపూట ప్రయత్నించి చూడవచ్చును. వ్రేళ్లు జాగ్రత్త.

ఆ రాయి యెక్కడిది? అది క్వార్ట్జైటు అను మిక్కిలి గట్టిశిల. తిరుమల కొండలును నగరి కొండలును ఈ జాతి రాతితోనే నిండియున్నవి. వానలు కొండలను గోసి ఆ రాతిని దొర్లించి వాగులలో గులకలుగా బేర్చినవి. మానవుడు వచ్చి వానిలో మంచిదానిని ఏఱుకొనెను. మనము గోవిందనామము పలుకుచు నెక్కు కొండ వానికి పనిముట్ల గని. ఆ లోయలోనే, కొంతదూరమున, క్రీస్తుకు పూర్వమునాటిదని పెక్కుమంది పండితులు తలచు గుడిమల్లపు శివలింగ మున్నది. రాతి అలుగు, రాతి లింగము, రైలు కూడలి, విమానాశ్రయము, అన్నియు ఒక్క నది ప్రక్కనే. ఇంత కథను ఇంత చిన్న తావున జూపగల పట్టణములు దేశమున నెన్నియున్నవి?

ఇంతకంటెను మిక్కిలి పాతకథ మఱియొకటి గలదు. 1863 మే 30వ తేదీన రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు మద్రాసు చెంత పల్లావరమున రాతి చేతిగొడ్డలి నొకదానిని గనుగొనెను. ఆ యేడే సెప్టెంబరు మాసమున విలియం కింగుతో గూడి అత్తిరంపాక్కమున మఱికొన్నింటిని గనుగొనెను. అత్తిరంపాక్కము నేడు తమిళనాడులోనిది. కాని ఆ నేలను దడుపు కుశస్థలీనదికి నీరిచ్చునవి మన కార్వేటినగరపు కొండలు, నగరి కొండలు. శాంతి పప్పుగారును వారి సహచరులును అచట త్రవ్వి 2011లో ప్రకటించిన లెక్క ప్రకారము ఆ పనిముట్లలో పాతవి సుమారు 15 లక్షల యేండ్లనాటివి. బరువైన చేతిగొడ్డళ్లను విడిచి చిన్న పెచ్చులతో పనిచేయు క్రొత్త పద్ధతి 3,85,000 యేండ్ల క్రిందటనే అచట దలయెత్తినదని 2018లో వారే తెలిపిరి.

ఇచటనే మన వక్తలు కొంత నిగ్రహము చూపవలెను. మన జాతి మానవుడు, అనగా నేడు భూమిపై నున్న మనమందఱము చెందిన జాతివాడు, పుట్టి సుమారు 3 లక్షల యేండ్లు మాత్రమే యైనది, పుట్టినది ఆఫ్రికాఖండమున. కావున 15 లక్షల యేండ్లనాటి చేతిగొడ్డలిని చెక్కినవాడు తెలుగువాడు గాడు, తమిళుడు గాడు, మన జాతి మానవుడును గాడు. "ఆదిమానవుడు ఆంధ్రుడే" యని రేపు ఏ సభలోనైన నెవరేని పలికినయెడల మేము ఆశ్చర్యపడము. చప్పట్లు మాత్రము చఱువము. కర్నూలు సీమలోని జ్వాలాపురమున, 74,000 యేండ్ల క్రిందట సుమత్రా ద్వీపపు తోబా అగ్నిపర్వతము క్రక్కిన బూడిదకు క్రిందను పైనను పనిముట్లు దొరకెనని 2007లో ప్రకటింపబడినది. వానిని చేసినవా రెవరను విషయమున పండితులలో వాదము తీఱలేదు. వాదమున్నచోట వాదమున్నదని చెప్పుట దేశభక్తికి లోపము గాదు.

"వారు మనవారే కానపుడు ఆ రాళ్లతో మనకేమి పని?" యని అడుగువారుందురు. ఇల్లు కొన్నవానికి పెరటిబావి త్రవ్వినవాని పేరు తెలియకపోవచ్చును. అంతమాత్రమున బావిని బూడ్చుకొనునా?

మన పాఠశాలలలో నేమి చెప్పుచున్నారు? ఆదిమానవు డనగా పరదేశపు గుహలో ఎద్దుబొమ్మ గీసినవాడు. నాగరికత యనగా నైలునది, యూఫ్రటీసు, సింధువు. నాలుగు పేర్లు వల్లించి పిల్లవాడు పరీక్ష గట్టెక్కును. సింధునాగరికత నేలక్రింద నున్నదని 1924లో జాన్ మార్షల్ ప్రకటించినపుడు దేశమంతయు పొంగిపోయినది, పొంగవలసినదే. కాని మొహెంజొదారోలో ఇటుకల వీథులు వెలసియున్న ఆ కాలముననే మన దక్కను మెట్టలలో నెవరుండిరి, ఏమి తినిరి అని అడిగిన బాలుడు గాని, చెప్పిన గురువు గాని మాకు అరుదుగానే తటస్థపడెను.

ఉండిరి. పాలమూరు సీమలోని ఊట్నూరున 1957లో ఆల్చిన్ పండితుడు త్రవ్విన బూడిదదిబ్బ వారి పశువుల దొడ్డి. ఏండ్లతరబడి ప్రోగుపడిన పేడను వారు మాటిమాటికి కాల్చగా ఆ దిబ్బ పెరిగినది. మన పొరుగున అనంతపురము జిల్లా పాలవాయిలోను అట్టి దిబ్బలే యున్నవి. అట్టివారి యూళ్లలో బొగ్గైన గింజలను పరీక్షించినవారు ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱలు గుర్తించిరి. గోధుమల దేశమునుండి ఎరువు దెచ్చుకొన్న సేద్యము గాదిది. ఇచటి గడ్డినుండి, ఇచటి తీగనుండి ఇచటివారే సాధించిన పంట. నేటికిని రాయలసీమ యింట ఉలవచాఱు కాగుచున్నదన్న అది నాలుగువేల యేండ్లకు పైబడిన వంట. (మన సంగటికి మూలమగు రాగి మాత్రము తూర్పు ఆఫ్రికానుండి వచ్చినది. సంగటిని గూర్చి గొప్పలు చెప్పుకొను మా మిత్రులకు ఈ వార్త కష్టముగా దోచవచ్చును. ముద్ద రుచి తగ్గదని మనవి.)

వారికి లిపి లేదు, ఇటుకకోట లేదు, రాజముద్ర లేదు. కాబట్టి నాగరికులు కారా? మందను దొడ్డిగట్టి పోషించి, మెట్టనేలను సాగుచేసి, విత్తనమును మఱుసటేటికి దాచి, తరువాతి తరమునకు అప్పగించుట నాగరికత కానియెడల, కోటగట్టి పన్ను వసూలుచేయుట మాత్రమే నాగరికత యనవలసివచ్చును. ఆ నిర్వచనము రాజులకు నచ్చును. మాకు నచ్చదు.

ఇక మన జిల్లాలో కంటికి దెలియునట్లు నిలిచియున్న సాక్ష్యమునకు వత్తము. ఇనుము వాడుకలోనికి వచ్చిన తరువాత, క్రీస్తుకు పూర్వపు శతాబ్దులందు, ఇచటివారు తమ మృతులకు గొప్ప రాతిపలకలతో గదులు గట్టిరి. నాలుగు ప్రక్కల నిలువుపలకలు, పైన కప్పుబండ, ఒక పలకకు గుండ్రని కన్నము. ఈరలబండ, బాపనత్తము, కల్లూరు చేరువనున్న మల్లయ్యగారిపల్లె మున్నగుచోట్ల నివి యున్నవి. జనులు వీనిని పాండవుల గుళ్లందురు, రాక్షసుల గుళ్లందురు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యముననే న్యూబోల్డు అను సైనికోద్యోగి చిత్తూరు సీమలోని వీనిని జూచి వ్రాసెను. ఒక గ్రామమున మేము "ఈ గుళ్లు ఎవరివి తాతా?" యని యడుగగా, మేకలు గాచుకొను వృద్ధుడొకడు "పాండవులవి సామీ, వానొస్తే మేమూ ఇందులోనే దూరేది" అని బదులిచ్చెను. ఆ వృద్ధుడు వానిని వాడుకొనెను గాని చెఱుపలేదు. పాండవుల పేరే యిన్నాళ్లు ఆ రాళ్లకు కంచెయై కాపాడినది.

ఆ కంచె నేడు చాలదు. గుప్తనిధుల పిచ్చివాడు రాత్రివేళ గడ్డపాఱతో వచ్చును. వానికి దొరకునది పగిలిన కుండపెంకు, ఎముక, త్రుప్పుపట్టిన యినుపముక్క. కోపమున కప్పుబండను పడద్రోసి పోవును. వాడు పోయిన తరువాత పగటివేళ కాగితములతో మఱియొకడు వచ్చును. చిత్తూరు సీమ గ్రానైటు దేశదేశములకు బోవుచున్నది. గ్రామలెక్కలలో ఆ గుట్ట వట్టి పోరంబోకుగా నున్నంతకాలము దానిపై సమాధి యున్నదో లేదో కౌలు వ్రాయు కలమునకు దెలియదు. ఆంధ్రప్రదేశమున ప్రాచీన కట్టడములను, స్థలములను రక్షించుటకు 1960లో చట్టము చేయబడినది. కేంద్రపు చట్టము 1958 నాటిది. కాని చట్టము సంరక్షితమని ప్రకటింపబడిన వానినే కాచును. ప్రకటింపబడని రాయి చట్టము దృష్టిలో రాయియే.

"గని పనివలన వేలమంది కూలి దినుచున్నారు, చచ్చినవారి రాళ్లకై బ్రదికినవారి కూడు చెఱుపుదురా?" యని యొక యాక్షేపణ గలదు. ఇది తేలికగా ద్రోసివేయదగినది కాదు. కరవుసీమలో కూలిదినము విలువ మాకు దెలియును. కాని మేము కొండలన్నింటిని విడువుమని కోరుట లేదు. కౌలు వ్రాయుటకు ముందు, తెలిసినవాడొకడు ఒక్కదినము ఆ గుట్టపై దిరిగి, ఉన్న సమాధులను లెక్కించి, ఆ చుట్టుపట్లను కౌలునుండి తొలగింపవలెనని మాత్రమే కోరుచున్నాము. ఒక్కదినపు నడకవలన ఏ కూలివాని కూడును చెడదు. చెడునది ఆ నడకను అక్కఱలేదనువాని తొందర.

మఱియొక యాక్షేపణ భక్తులది: పురాణములుండగా ఈ పెంకులతో నేమి పని యని. వారికి మేము సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారిని జూపుదుము. స్వామి సన్నిధి కొలువులోనే యుండి, గోడగోడకును నడచి, శాసనములను అక్షరాక్షరము పఠించి, 1930 నాటి నివేదికతో మొదలిడి దేవస్థానపు సంపుటములను వెలువరించిరి. భక్తి వారి కన్నులను మూయలేదు, దీపమై వెలిగినది. లిపిగల రాళ్లకు అట్టి యొక శాస్త్రిగారు దొరకిరి. లిపిలేని రాళ్లకు దొరకవలసియున్నది.

పొరుగువారిని జూచి కొంతయైన సిగ్గుపడుదము. అదే కుశస్థలీనది దిగువను పూండిలో రాతియుగపు పనిముట్లకై తమిళనాడువారు ప్రత్యేకముగా ప్రదర్శనశాల నేర్పఱచిరి. కీళడిలో త్రవ్వకములు జరుగుచున్నపుడు బడిపిల్లలు బారులుదీరి చూచిపోయిరి. 2025 జనవరిలో ఇనుము ప్రాచీనతను గూర్చి ఆ ప్రభుత్వము వెలువరించిన నివేదికలోని తేదీలను పండితులు కొందఱు శంకించుచున్నారు, శంకింపనిండు. త్రవ్వినవానికే శంకకు బదులు చెప్పు యోగ్యత గలుగును. ఎగువనున్న మనము శంకించుటకైన నేమి త్రవ్వితిమి?

ప్రభుత్వమువారు చేయవలసినది పైన జెప్పితిమి. పఠనమందిరములలో ఈ పత్రిక జదువు పెద్దలకు ఒక విన్నపము. మీ మీ గ్రామములయందు పాండవుల గుళ్లు, రాక్షసుల గుళ్లు అని పిలువబడునవి యెన్ని, వానిలో నిలిచియున్నవెన్ని, పడినవెన్ని, ఏ సర్వే నంబరులోనివి, సమీపమున గని కౌలు గలదా, అను విషయములను వ్రాసి మాకు పంపుడు. చెక్కుడు రాళ్లు దొరకినచో వానిని ఇంటికి గొనిపోకుడు; తావు మాఱిన రాయి మూగది. మీ జాబులలోని తావుల పేరులను మేము పత్రికలో ప్రకటింపము, గడ్డపాఱవాడును చదువరియే గనుక. వానిని జాబితాగా గూర్చి, ఒక ప్రతిని తహశీల్దారుకును, ఒక ప్రతిని పురావస్తుశాఖకును పంపుదుము. బదులు వచ్చినదో రాలేదో మాత్రము ఈ పుటయందే తేదీతోగూడ ప్రకటింతుము.