సేవ్ లేని ఆట

శత్రువు కన్నుగప్పి చప్పుడు చేయక సాగే వీడియో ఆటలకు ప్రాణం బొమ్మల సొగసు కాదు, భయం అంటాను.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016లో వేర్వేరు జిల్లాల పాలు కాకముందు, అన్నీ వరంగల్ జిల్లాలోనే ఉన్న రోజుల్లో, నెట్ సెంటర్లలో గంటకింతని చెల్లించి మేము ఆడిన ఆట ‘ప్రాజెక్ట్ ఐజీఐ’. నార్వే సంస్థ ఇన్నర్‌లూప్ దీనిని 2000లో రూపొందించింది. ఇందులో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. కెమెరా కంటబడితే సైరన్ మోగుతుంది, కాపలావాళ్లు ముసురుకుంటారు. చస్తే మళ్ళీ మొదటినుంచే. గంట గడిస్తే జేబూ ఖాళీయే! దీనిని లోపమన్నవారే ఎక్కువ. కానీ పోగొట్టుకునేది ఉన్నప్పుడే కదా, మనిషి ఆచితూచి అడుగు వేసేది?

2003 నాటి రెండో భాగం మిషన్‌కు కొన్ని సేవ్‌లే ఇచ్చి ఆ భయాన్ని కొంత నిలిపింది. 2019లో ‘ఐజీఐ ఆరిజిన్స్’ ప్రకటించగానే మాలో పాత ఆశ చిగురించింది. 2023లో స్టూడియో మూతతో అదీ ఆగిపోయింది. రేపు మరెవరైనా పూనుకుంటే వారిని నేను కోరేది ఒక్కటే: అడుగడుగునా సేవ్ ఇచ్చి మా ఓర్పును దోచుకోవద్దు.

మీరేమంటారు మిత్రులారా?