పద్దెనిమిది నిండితే తలుపుకు గొళ్లెమేనా?

మిరపకాయ కోతలొచ్చాయంటే పల్నాడు వాడలు తెల్లారకముందే ఖాళీ అవుతాయి. వయసొచ్చినా బుద్ధి ఎదగని బిడ్డ ఇంట్లో ఉంటే తల్లి ఏం చేయాలి? గొళ్లెం పెట్టి పోవాలి, లేదా కూలి వదులుకోవాలి. ఆమెది రాతిగుండె అనేవాళ్లకు మా జవాబొకటే: ఆ గొళ్లెం పెట్టించింది సర్కారు!

చిన్నపిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. రానూపోనూ, తోడు మనిషికీ ఎంతో కొంత భత్యం ఉంది. 18 నిండాయా, అన్నీ బంద్. 2024 జులై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది. మంచిదే. పింఛను అన్నం పెడుతుంది, పగలంతా కనిపెట్టుకుని ఉండదు, పని నేర్పదు.

1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద పగటి కేంద్రాలకు 'దిశ-కమ్-వికాస్' పథకం ఉంది. వికలాంగులకు ప్రయాణ సౌకర్యం చూడాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. చట్టాలు ఢిల్లీలో, గొళ్లెం వాడలో!

నరసరావుపేట, మాచర్ల, గురజాలలో పెద్దవాళ్లకు పగటి కేంద్రాలు పెట్టాలి. వాడ దాకా బండి రావాలి, అందులో ఆయా ఉండాలి. కిక్కిరిసిన ఆటోలో ఒంటరిగా ఎక్కిన ఆడబిడ్డకు ఎవరు పూచీ? కేంద్రం ఊళ్లో పెట్టి మన బిడ్డల్ని గడప బయట నిలబెడితే ఒప్పుకోం.

కార్యకర్తలారా, వాడవాడనా పేర్లు రాయండి. వయసెంత, సదరం సర్టిఫికెట్టుందా, పగలు ఎవరు చూస్తున్నారు, అన్నీ రాయండి. ఆ జాబితాతో సోమవారం అర్జీల రోజున నరసరావుపేట కలెక్టరాఫీసుకు పోదాం. బిడ్డల్నీ వెంటబెట్టుకునే పోదాం. సిగ్గుపడాల్సింది మనం కాదు.