ఈ బ్రాకెట్ ఎవరిది?

పోయినేడాది మన క్లబ్ తరఫున గండికోట పోయినప్పుడు అందరూ పెన్న గండి అంచున సెల్ఫీలు దిగుతుంటే, మేం ముగ్గురం ఒక లాప్‌టాప్ చుట్టూ కూర్చొని ఒక } కోసం వెతుక్కుంటున్నాం. ఆ రాత్రి 11:59కి సీ ల్యాబ్ అసైన్‌మెంట్ పెట్టాలి. ఫస్టియర్ కదా, "ఇంకా రెండు రోజులుంది మామా" అనుకొని బయల్దేరినవాళ్ళం.

ప్రోగ్రాం చిన్నదే. ఒక్కో స్టూడెంట్‌కి ఆరు సబ్జెక్టుల మార్కులు తీసుకోవాలి. 35 కన్నా తక్కువ వస్తే ఫెయిల్ లెక్క ఒకటి పెంచాలి. ప్రతి మార్కునీ టోటల్‌కి కలపాలి. ముగ్గురం తలా ఒక ముక్క రాసి, వాట్సాప్‌లో పంపుకొని అతికించాం. ఆ అతికింపులో ఎక్కడో ఒక ఫ్లవర్ బ్రాకెట్ జారిపోయింది. కంపైలరేమో తప్పు ఫైల్ చిట్టచివరి లైన్లో ఉందని చూపించింది. అక్కడ చూస్తే ఏ తప్పూ లేదు. దాని తప్పు కూడా కాదులే. చివరిదాకా చదివితే తప్ప ఒక బ్రాకెట్ మూతపడలేదని దానికి మాత్రం ఎట్లా తెలుస్తుంది? మా రూమ్మేట్ పైకీ కిందికీ నాలుగుసార్లు స్క్రోల్ చేసి, తనకి నచ్చిన చోట ఒక } పెట్టేశాడు. ఎర్రర్ పోయింది.

"కంపైల్ అయితాంది గదా, ఇంగేంటికి? పెట్టేద్దాం పా."

రన్ చేశాం. అన్ని సబ్జెక్టులూ పాసైనవాడికి టోటల్ సున్నా. ఫెయిలైనవాళ్ళకి మాత్రం ఎంతో కొంత వస్తోంది. "మనోళ్ళ రాజ్యం వచ్చిందిరా" అని నవ్వుకున్నాం గానీ లోపల భయంగానే ఉంది. గంటసేపు ప్లస్సులూ ఈక్వల్సులూ చూశాం. ఒక్కో వేరియబుల్‌నీ ప్రింట్ చేశాం. నిజం చెప్తున్నా, ఆ గంటలో "నాకు కోడింగ్ రాదేమో, సివిల్ తీసుకోవాల్సింది" అని కూడా అనుకున్నాను.

థర్డ్ ఇయర్ అక్క ఒకామె టీ తాగుతూ వచ్చి చూసింది. మా రూమ్మేట్ పెట్టిన } పక్కన కర్సర్ పెట్టి కంట్రోల్, షిఫ్ట్, బ్యాక్‌స్లాష్ మూడూ కలిపి నొక్కింది. కర్సర్ ఎగిరి పైన ఫెయిల్ చూసే ఇఫ్ లైన్ మీద వాలింది. "ఈ బ్రాకెట్ ఎవరిదో అడిగినారా దాన్ని? ఇది ఇఫ్‌ది. దీని లోపలే మీ టోటల్ కలిపే లైన్ ఉంది. అంటే ఫెయిలైతేనే కలుపుతుంది." ఆ } ని ఒక లైన్ పైకి జరిపింది. అంతే. టీ కూడా చల్లారలేదు.

నేను చెప్పదలుచుకున్నది ఆ రోజు నుంచీ ఉన్నదే. ఫస్టియర్ మొదటి ల్యాబ్‌లో, హలో వరల్డ్ కన్నా ముందే, బ్రాకెట్ నుంచి దాని జోడీకి దూకడం నేర్పించాలి. పది నిమిషాల పని. మనకి ఇదెవరూ చెప్పరు. "బ్రాకెట్లు సరిగ్గా చూసుకోండి" అని మాత్రం అందరూ అంటారు. చూసుకోవడం ఎట్లాగో చెప్పకుండా చూసుకోమంటే ఏం చూస్తాం? లెక్కపెడతాం. తెరిచినవి ఐదు, మూసినవి ఐదు, సరిపోయింది అనుకుంటాం. మా ప్రోగ్రాంలో కూడా లెక్క సరిపోయింది. జోడీలే తప్పు. లెక్క తప్పితే కంపైలర్ అరుస్తుంది, జోడీ తప్పితే ఎవరూ అరవరు. అందుకే రెండోది ప్రమాదం.

ఇదేమీ కొత్త సదుపాయం కాదు. బర్క్‌లీలో చదువుకుంటూ బిల్ జాయ్ 1976లో మొదలుపెట్టిన వీఐ ఎడిటర్‌లో % నొక్కితే చాలు, బ్రాకెట్ నుంచి దాని జోడీకి పోతుంది. అప్పుడాయన ఇంటినుంచి పని చేసింది 300 బాడ్ మోడెం మీద. అంటే సెకనుకి సుమారు 30 అక్షరాలు. 80 నిలువు వరసలు, 24 అడ్డ వరసల తెర నిండా మళ్ళీ గీయాలంటే నిమిషం దాటుతుంది. మౌస్ తిప్పి స్క్రోల్ చేద్దామంటే కుదరని కాలం. ఎక్కడికి పోవాలో ఒక్క కీతో చెప్పాల్సిందే. 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన విమ్‌లోనూ అదే %. అందులో d నొక్కి % కొడితే జోడీ దాకా ఉన్నదంతా ఎగిరిపోతుంది. v నొక్కి % కొడితే అంతా సెలెక్ట్ అవుతుంది. ఈమాక్స్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్. ఇంకా చాలా ల్యాబుల్లో బతికే ఉన్న ఆ టర్బో సీ నీలం తెరలో కూడా ఉంది: కంట్రోల్ క్యూ, తర్వాత [ నొక్కాలి. రెండు సెమిస్టర్లు ఆ నీలం తెర ముందు కూర్చున్నవాళ్ళలో ఎంతమందికి తెలుసో చేతులెత్తండి.

తమాషా ఏంటంటే, ఇది ఎట్లా పనిచేస్తుందో మనందరికీ తెలుసు. ప్లేస్‌మెంట్ల కోసం లీట్‌కోడ్ తెరిచినవాళ్ళు 20వ నంబర్ ప్రాబ్లం చేయకుండా ఉండరు. తెరిచే బ్రాకెట్ వస్తే స్టాక్‌లో పెట్టు, మూసేది వస్తే పైనున్నదాన్ని తీసి సరిపోల్చు. నిద్రలో లేపి అడిగినా చెప్తాం. ఒకే రకం బ్రాకెట్ అయితే స్టాక్ కూడా అక్కర్లేదు. } దగ్గర ఒకటితో మొదలుపెట్టి వెనక్కి పోతూ, ఇంకో } వస్తే ఒకటి కలిపి, { వస్తే ఒకటి తీసేస్తూ, సున్నా అయిన చోట ఆగితే అదే జోడీ. కోట్స్ లోపల ఉన్న బ్రాకెట్‌ని చూసి మోసపోకుండా ఉంటే చాలు. ఇంత చక్కగా ఇంటర్వ్యూలో చెప్పేవాళ్ళం, మన సొంత ఫైల్లో మాత్రం వేలు పెట్టి లెక్కపెడుతూ ఉంటాం.

మీరేమంటారో తెలుసు. వీఎస్ కోడ్‌లో రంగులు వస్తాయి కదా అంటారు. వస్తాయి, 2021 నుంచి ఎక్స్‌టెన్షన్ లేకుండానే వస్తున్నాయి. కానీ మామూలు సెట్టింగ్‌లో ఉన్నవి మూడు రంగులే, నాలుగో లోతుకి మళ్ళీ మొదటి రంగే. పైగా రెండు తెరల అవతల ఉన్న జోడీ రంగు చూడాలన్నా అక్కడికి పోవాల్సిందే. తెరవగానే మూసేది అదే పడుతుంది కదా అంటారు. పడుతుంది, పడ్డాక దాన్ని కట్ పేస్ట్ చేసి చెదరగొట్టేది మనమే. ఫార్మాట్ చేస్తే ఇండెంటేషన్‌లో తప్పు కనబడుతుంది అనేవాళ్ళతో నాకు పేచీ లేదు, మంచి అలవాటు. పైథాన్ వాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు, అయినా లిస్ట్ లోపల లిస్ట్ రాసినప్పుడు మళ్ళీ ఇక్కడికే వస్తారు. ఇక ఏఐనే రాసేస్తుంది కదా అనే మాట. అది రాసిన ఎనభై లైన్లలో ఏ లూప్ ఎక్కడ ముగిసిందో తెలియకుండా వైవాకి పోయినవాళ్ళని చూశాను. ఒకసారి నేనే పోయాను.

ఇది తెలుగు క్లబ్ పత్రిక కాబట్టి ఇంకో ముక్క. వ్యాకరణంలో బ్రాకెట్లని కుండలీకరణాలు అంటారని నాకు ఇంజనీరింగ్‌కి వచ్చాకే తెలిసింది, ఇంగ్లీష్ మీడియం పుణ్యం. కానీ మన వాక్యం అంతకన్నా వింతది. "రేపు ల్యాబ్ లేదని సార్ చెప్పారని వాడన్నాడు." ఇందులో రెండు మాటలు ఒకదాంట్లో ఒకటి ఉన్నాయి. ఇంగ్లీషులో అయితే 'దట్' ముందే వచ్చి, ఇక్కడినుంచి ఇంకొకరి మాట అని గేటు తీస్తుంది. తెలుగులో తెరిచేది కనపడదు. మూసే బ్రాకెట్ ఒక్కటే ఉంటుంది, దాని పేరు 'అని'. అది వచ్చాక గానీ, ఇప్పటిదాకా విన్నది ఇంకొకరి మాట అని తెలియదు. అప్పుడు మనసులోనే వెనక్కి దూకి ఎక్కడ మొదలైందో పట్టుకోవాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగినవాళ్ళం ఆ దూకుడు తెలియకుండానే దూకేస్తాం. నాకు మాత్రం అచ్చులో సంపాదకీయం చదివేటప్పుడు మూడో 'అని' దగ్గర చూపు వెనక్కి పోతుంది, వేలితో సహా. కాబట్టి జోడీ వెతకడం మనకి కొత్త విద్యేం కాదు. ఎడిటర్‌లో దానికో కీ ఉందని చెప్పేవాళ్ళే లేరు.

ఆ సాయంత్రం సబ్మిట్ చేసేశాక మేమూ అంచుకి పోయాం. సిగ్నల్ రెండు గీతలే, అప్‌లోడ్ అయ్యేదాకా ఊపిరి బిగబట్టుకున్నాం. ఎర్రటి రాళ్ళు, ఎక్కడో కింద పెన్న, సుమారు 300 అడుగుల లోతు ఉంటుందంటారు. ఎదురు గట్టు ఎంత దగ్గరగా కనిపిస్తుందంటే పిలిస్తే పలుకుతుందేమో అనిపిస్తుంది. పోవాలంటే మాత్రం బండేసుకొని చుట్టూ తిరగాలి. "దీనికీ ఒక కంట్రోల్ షిఫ్ట్ బ్యాక్‌స్లాష్ ఉంటే బాగుండు" అన్నాడు మా రూమ్మేట్. అక్క వాడి నెత్తిన ఒకటి ఇచ్చింది.

మొన్న ల్యాబ్‌లో సార్‌ని అడిగాను, కొత్త బ్యాచ్‌కి మొదటి రోజు ఇది చెప్పొచ్చు కదా సార్ అని. సిలబస్‌లో లేదు, టైం చాలదు అన్నారు. ఆయన ఇబ్బంది ఆయనది, పన్నెండు ఎక్స్‌పెరిమెంట్లు రికార్డ్‌లో ఎక్కించాలి. మరి మనమే చెప్పేద్దాం. జూనియర్లు వచ్చే వారం ల్యాబ్ మొదలుపెడుతున్నారు. మంగళవారం ల్యాబ్ అయ్యాక కారిడార్‌లో నేనుంటాను, లాప్‌టాప్ తెచ్చుకోమనండి. వచ్చేటప్పుడు మీరు రాసిన ప్రోగ్రాంలలో అన్నిటికన్నా పెద్దది కూడా తెండి, దాంట్లో చిట్టచివరి } మీద కర్సర్ పెట్టి చూద్దాం ఎక్కడికి పోతుందో.