లెక్క చూసుకొని కడదాం, మన ఊరి బడి

సంఘము – సమాజము





గోపురం కట్టబోయే మనిషి పునాది తవ్వకముందే ఖర్చు సంగతి ఆలోచించుకోడా అని మన ప్రభువు అడిగారు. పునాది వేసి పని ఆపేసినవాణ్ణి చూసి నలుగురూ నవ్వుతారని కూడా ఆయన చెప్పారు (లూకా 14:28-30). ఆ మాట శిష్యత్వాన్ని గురించి చెప్పినదే. అయినా వడ్రంగి ఇంట పెరిగిన ఆయనకు కట్టుబడి పని సంగతి బాగా తెలుసు. అందుకే ఆ పోలిక మన ఊరి పనులకు కూడా సరిగ్గా సరిపోతుంది. ఈ నెల మన ఊరి ప్రాథమిక పాఠశాల గదుల గురించి, అందులో రేపు కూర్చోబోయే పిల్లల గురించి కాసేపు ఆలోచిద్దాం.

మన పల్లెల్లో రెండు రకాల బడులు కనిపిస్తాయి. ఒకచోట నాలుగు గదులుంటాయి, పిల్లలు పదిహేనుమంది. ఒక గదిలో పాఠం జరుగుతుంది. మిగిలిన మూడింటిలో విరిగిన బల్లలు, పాత పుస్తకాల కట్టలు, గబ్బిలాలు. ఇంకొకచోట ఒకే గదిలో మూడు తరగతులు, వరండాలో రెండు తరగతులు. వాన వస్తే అందరూ ఒక మూలకు చేరవలసిందే. ఒకచోట డబ్బు వృథా అయింది, ఒకచోట డబ్బు చాలలేదు అని మనం అనుకుంటాం. కాని చాలాసార్లు రెండింటికీ మూలం ఒకటే. కట్టేముందు రాబోయే పిల్లలను ఎవరూ లెక్కపెట్టలేదు. ఊరివారిని ఎవరూ అడగలేదు.

పిల్లలు ఎక్కడికి పోతున్నారు?

ఒకప్పుడు సమస్య గదులు చాలకపోవడమే. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని తలపెట్టింది. అప్పట్లో ఇంటికి నలుగురైదుగురు పిల్లలు ఉండడం విడ్డూరం కాదు. 1992-93లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక తల్లికి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 సర్వే నాటికి ఆ సగటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కి దిగింది. తల్లిదండ్రులిద్దరి స్థానాన్ని తరువాతి తరం నింపాలంటే ఈ సగటు 2.1 ఉండాలంటారు. అంటే మన ఊళ్లలో ఊయలలే తగ్గాయి.

దీనికి తోడు ఉదయాన్నే ఊళ్లోకి వచ్చే ప్రైవేటు బడి వ్యాను కొందరిని ఎక్కించుకొని పోతుంది. మిరప కోతలకో, ఇటుక బట్టీలకో వలసపోయే కుటుంబాల వెంట మరికొందరు వెళతారు. కొత్త కాలనీ లేచిన చోట మాత్రం పిల్లలు పెరుగుతారు. కాబట్టి పక్క ఊరి లెక్క మన ఊరికి పనికిరాదు. ఏ ఊరి లెక్క ఆ ఊరే వేసుకోవాలి.

చట్టం మన చేతికిచ్చిన పని

ఈ లెక్క అధికారులది, మనకెందుకులే అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ ఒక యాజమాన్య కమిటీ ఉండాలని చెప్పింది. అందులో నూటికి 75 మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యను బట్టి చోటివ్వాలి. అంటే మన పేటల్లోని తల్లులకు ఆ కుర్చీలో కూర్చునే హక్కు ఉంది.

ఆ కమిటీ ముఖ్యమైన పనులలో ఒకటి పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం. కేంద్ర ప్రభుత్వపు నిబంధనల ప్రకారం అది మూడేళ్ల ప్రణాళిక. ఏ ఏడాది ఏ తరగతిలో ఎంతమంది పిల్లలు ఉండబోతున్నారో అందులో మొట్టమొదట రాయాలి. ఆ తరువాతే ఎంతమంది ఉపాధ్యాయులు కావాలి, ఏ గదులు, ఏ వసతులు కావాలి, ఎంత డబ్బు కావాలి అన్నవి వస్తాయి. వరుస గమనించారా? మొదట పిల్లలు, తరువాత గోడలు. చాలా ఊళ్లలో ఈ వరుస తలకిందులవుతుంది. ముందు నిధులు వస్తాయి, గోడలు లేస్తాయి, తరువాత పిల్లల కోసం వెతుకుతాం.

ఒక ఊరి లెక్క

లెక్క కష్టమేమీ కాదు. ఊహించుకున్న ఒక ఊరిని తీసుకుందాం. అక్కడి బడిలో ఈ ఏడాది ఒకటో తరగతిలో 12 మంది, రెండులో 13, మూడులో 14, నాలుగులో 16, ఐదులో 17 మంది ఉన్నారు. మొత్తం 72. పాత భవనంలో రెండు గదులే ఉన్నాయి. నాలుగు కొత్త గదులు కట్టిస్తామని ఒక పెద్దమనిషి మాటిచ్చాడు. ఊరంతా సంతోషించింది. కాని నాలుగు గదులు కావాలా?

అంగన్‌వాడీ రిజిస్టరు తెరిచి చూశారు. వచ్చే జూన్‌లో ఒకటో తరగతికి రావలసిన పిల్లలు ఊరు మొత్తం మీద 14 మంది. ఆ మరుసటి ఏడాది 12. మూడో ఏడాది 10. గడచిన కొన్నేళ్లుగా పదిమందిలో ఏడుగురు ఊరి బడిలో చేరుతుంటే ముగ్గురు వ్యాను ఎక్కుతున్నారు. ఆ లెక్కన బడికి వచ్చేది వరుసగా 10, 8, 7 మంది. మూడేళ్లు గడిచేసరికి ఈనాటి మూడు, నాలుగు, ఐదు తరగతుల వారందరూ పెద్ద బడికి వెళ్లిపోతారు. ఈనాటి ఒకటో తరగతివారు 12 మంది నాలుగులో ఉంటారు. ఈనాటి రెండో తరగతివారు 13 మంది ఐదులో ఉంటారు. కింద నుండి కూడితే 7, 10 మధ్యలో 8, ఆపైన 12, 13. మొత్తం 50 మంది.

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుండి 90 వరకు ముగ్గురు. ఉపాధ్యాయునికి ఒక గది చొప్పున, ప్రధానోపాధ్యాయునికి సామాను గదిగా కూడా పనికివచ్చే మరో గది ఉండాలి. ఈనాడు 72 మందికి ముగ్గురు ఉపాధ్యాయులు, మూడు తరగతి గదులు కావాలి. మూడేళ్లకు ఇద్దరు ఉపాధ్యాయులే మిగులుతారు. నాలుగు కొత్త గదులు కడితే వాటికి తాళాలు కూడా కొనవలసి వస్తుంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. వ్యాను ఎక్కే ఆ పదిమందిలో ముగ్గురు కూడా ఊరి బడిలోనే చేరారనుకోండి. అప్పుడు మూడేళ్ల తరువాతి లెక్క 10, 12, 14, 12, 13. కూడితే 61. ఆ అరవైఒకటో బిడ్డతో మూడో ఉపాధ్యాయుడు నిలుస్తాడు. అరవై దగ్గర ఆగితే ఐదు తరగతులనూ ఇద్దరే మోయాలి. టీచర్లు చాలరని తల్లిదండ్రులు పిల్లలను తీసేస్తారు. పిల్లలు లేరని టీచర్లను తీసేస్తారు. కాడిలో ఏ ఎద్దు ముందు ఆగిందో తెలియదు గాని, బండి మాత్రం కదలదు.

లెక్క చూశాక ఆ ఊరు తెలివిగా ఏం చేయవచ్చు? కొత్తగా ఒక తరగతి గది, ఒక చిన్న ఆఫీసు గది కట్టించమని ఆ పెద్దమనిషిని కోరవచ్చు. మిగిలిన డబ్బుతో ఆడపిల్లలకు నీళ్లు వచ్చే మరుగుదొడ్డి, తాగునీరు, వంటగది, ప్రహరీ అడగవచ్చు. పిల్లలు తగ్గితే మూడో గది గ్రంథాలయమో అంగన్‌వాడీయో అవుతుంది. తగ్గకపోతే తరగతి గదిగానే ఉంటుంది. పునాది, స్తంభాలు పై అంతస్తుకు తగినట్టు వేయిస్తే రేపటి అవసరానికి తలుపు మూయకుండా ఉంటాం. అంచనా అంటే ప్రవచనం కాదు. అందుకని ప్రతి ఏడాదీ రిజిస్టరుతో సరిచూసుకోవాలి.

నెహెమ్యా చేసినట్టు

యెరూషలేము గోడలు కట్టేముందు నెహెమ్యా ఏం చేశాడో మీకు తెలుసు. కొద్దిమందిని వెంటబెట్టుకొని రాత్రివేళ బయలుదేరి, కూలిన గోడలను, కాలిన గుమ్మాలను తన కళ్లతో చూశాడు (నెహెమ్యా 2:12-15). అది మొదటి మెట్టు. తరువాత జనులను పిలిచి విషయం వారి ముందు పెట్టాడు. కడదాం అన్నమాట వారి నోటనే వచ్చింది (2:17-18). మూడో అధ్యాయం చదివితే ఎవరి ఇంటి ఎదుట వారు కట్టారని కనిపిస్తుంది. షల్లూముతో పాటు అతని కుమార్తెలు కూడా పనిచేశారు (3:12). తెకోవ ఊరి ఘనులు మాత్రం భుజం కలపలేదని కూడా అక్కడే రాసి ఉంది (3:5). చూడడం, అడగడం, కలిసి కట్టడం. బడికైనా ఇదే వరుస.

అడిగితే ఏం తెలుస్తుంది? ఇంజనీరు కొలతలలో కనిపించనివి తెలుస్తాయి. మరుగుదొడ్డికి గడియ లేదని పెద్దమ్మాయి ఎందుకు బడి మానుతోందో తల్లికి తెలుసు. పొగ ఎటు తిరుగుతుందో, సరుకు ఎక్కడ తడుస్తుందో మధ్యాహ్న భోజనం వండే ఆమెకు తెలుసు. ఏ నెలలో ఎన్ని ఇళ్లకు తాళం పడుతుందో కూలి మేస్త్రీకి తెలుసు. చిన్నపిల్లలు దాటలేని వాగు ఏదో, లారీలు తిరిగే రోడ్డు ఏదో పేటలో అందరికీ తెలుసు. నడవలేని బిడ్డకు ర్యాంపు ఎక్కడ కావాలో ఆ బిడ్డను ఎత్తుకొని వచ్చే తండ్రికి తెలుసు. కమిటీలో సంతకం పెట్టడానికి మాత్రమే వీరిని పిలిస్తే ఈ తెలివి అంతా వృథా.

మన రాష్ట్రాలలో ఈ దారిలో ప్రయత్నాలు జరగకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు మొదటి విడతలో 15,715 పాఠశాలలను తీసుకొని, పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించారు. తెలంగాణలో 2022 మార్చిలో మన ఊరు-మన బడి మొదలైంది. మంచి మరుగుదొడ్లు, బల్లలు, ఫ్యాన్లు వచ్చిన బడులు ఎన్నో ఉన్నాయి. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనే 117వ నంబరు ఉత్తర్వు కింద చాలాచోట్ల 3, 4, 5 తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు తరలించారు. దూరం పెరుగుతుందని అనేక ఊళ్లలో తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. 2025లో ఆ ఉత్తర్వును ప్రభుత్వం ఉపసంహరించుకుంది. తరలించడం మంచిదా చెడ్డదా అన్నది ఊరూరికీ మారే సంగతి. కాని మన లెక్క మన దగ్గర లేకపోతే ఉత్తర్వు వచ్చిన రోజున ధర్నా చేయగలమే గాని, జవాబు చెప్పలేం.

సంఘము చేయగలిగినది

ఈ పని మన పెద్దలకు కొత్త కాదు. 1842లో గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్, 1843లో మచిలీపట్నంలో బడి తెరచిన రాబర్ట్ నోబుల్ వంటివారి కాలం నుండి సువార్తతో పాటు పలక కూడా మన ఇళ్లకు వచ్చింది. ఎన్నో పల్లెల్లో మందిరమే పగలు బడి. ఆ పలక పట్టిన తాతల మనుమలమే మనం.

కాబట్టి ఈ నాలుగు పనులు ఆలోచించండి. మొదటిది, మన సండేస్కూలు రిజిస్టరులో, బాప్తిస్మపు రిజిస్టరులో ఉన్న పిల్లల వయసులు తీసి రాయండి. అక్కడితో ఆగవద్దు. అంగన్‌వాడీ టీచరుతో కలిసి ఊరిలోని ప్రతి ఇంటి పిల్లలనూ లెక్కలోకి తీసుకోండి. మన బిడ్డలను మాత్రమే లెక్కపెట్టుకొనే సంఘము ఊరి క్షేమాన్ని వెదకినట్టు కాదు (యిర్మీయా 29:7). రెండవది, స్త్రీల సమాజములోనుండి ఒకరిద్దరు తల్లులు పాఠశాల కమిటీలో నిలబడేలా ప్రోత్సహించండి. సమావేశమున్న రోజున వారి ఇంటి పని ఇంకొకరు అందుకోండి. మూడవది, ప్రణాళిక మార్చి నెలాఖరుకు మూడు నెలల ముందే సిద్ధం కావాలి గనుక, క్రిస్మసు హడావుడి మొదలయ్యేలోపే ప్రధానోపాధ్యాయులను కలవండి. తగువుకు కాదు, తోడు ఉన్నామని చెప్పడానికి వెళ్లండి.

నాలుగవది కాస్త కష్టమైనది. మీ బిడ్డ వ్యాను ఎక్కుతుంటే, ఏ భయంతో ఎక్కిస్తున్నారో భార్యాభర్తలు కూర్చొని నిజాయితీగా మాట్లాడుకోండి. ఇంగ్లీషు కోసమా, టీచరు లేరనా, పొరుగువారు ఏమనుకుంటారోననా? మిమ్మల్ని నిందించడానికి ఈ మాట అనడం లేదు. బిడ్డ మంచి కోరని తల్లి ఉండదు. కాని ఆ కారణాన్ని కమిటీలో బయటపెడితే బడి సరిదిద్దుకోగలదు. మౌనంగా వ్యాను ఎక్కిస్తే ఊరికి తెలిసేది ఖాళీ గది మాత్రమే. ఆ అరవైఒకటో బిడ్డ మీ ఇంట్లోనే ఉండవచ్చు.

చిన్నపిల్లలను తన యొద్దకు రానివ్వమని చెప్పిన ప్రభువు, వారు కూర్చునే గది గురించి మనము వేసే లెక్కను కూడా తన సేవగా అంగీకరించును గాక. మీ ఊరి బడిని, అందులోని ఉపాధ్యాయులను ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకము చేసుకోండి. ప్రార్థన ముగిసిన తరువాత కాగితము, కలము తీసుకోండి.

ప్రభువు మిమ్మును, మీ పిల్లలను దీవించును గాక.