అమ్మకు తలంటేది ఎవరు?

హంపి చూసొచ్చిన ప్రతి కుటుంబం దగ్గరా రాణీగారి స్నానాల కొలను ఫోటో ఒకటి ఉంటుంది. బయట సాదా గోడలు, లోపల నగిషీల బాల్కనీలు, మధ్యలో ఎండిపోయిన కొలను. రాజప్రాసాదాల ఆవరణలో నల్లరాతి మెట్ల పుష్కరిణి, దానికి నీళ్లు తెచ్చిన రాతి కాలువ కూడా ఉన్నాయి. అవన్నీ చూసి, ఆ కాలంలో ఎంత వైభోగంగా నీళ్లు పోసుకున్నారో అనుకుంటాం. ఆ నీళ్లు ఎవరు పోశారో కూడా అడగాలి కదా?

1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల దినచర్య రాసిపెట్టాడు. రాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా అదే నూనె పట్టించి, అది చెమటలో కారిపోయేదాకా బరువులెత్తి, కత్తి తిప్పేవాడట. కుస్తీ, గుర్రపుస్వారీ అయ్యాక స్నానం. నీళ్లు పోసేది ఒక బ్రాహ్మణుడు. రాజుకు అతనంటే ఎంతో గౌరవమనీ, అతను బాగా డబ్బున్నవాడనీ పేస్ రాశాడు.

రాజుకు నీళ్లు పోసినవాడికి అంత మర్యాద! మరి మనకు పోసినవాళ్లకు?

దీపావళికి ముందు సాయంత్రం మన కన్నడ ఇరుగుపొరుగు ‘నీరు తుంబువ హబ్బ’ చేస్తారు. హండా తోమి, బొట్లు పెట్టి, నీళ్లు నింపుతారు. మా ఇంట్లోనూ అంతే. ఆ హండా కింద మంట పెట్టడం, నూనె వెచ్చబెట్టడం, సున్నిపిండి కలపడం, ఒక్కొక్కర్నీ పీట మీద కూర్చోబెట్టి తలంటడం, అన్నీ మొదట అవ్వ, తర్వాత అమ్మ చేసేవాళ్లు. అందరిదీ అయ్యాక మిగిలిన గోరువెచ్చని నీళ్లు వాళ్లవి. వాళ్ల తలకు నూనె పెట్టినవాళ్లు లేరు.

2024 ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. బెంగళూరంతా నీళ్లకు కటకట. ఈసారి తలంటు వద్దని మాలో కొందరన్నారు. లెక్కేస్తే మనిషికి రెండు బకెట్లు చాలు. పది నిమిషాల షవర్‌కు అంతకంటే ఎక్కువే పోతాయి. కాబట్టి నీళ్ల కోసం తలంటు మానక్కర్లేదు. మారాల్సింది, ఆ పనంతా ఒక్క మనిషి నెత్తినే ఉండడం.

మగపిల్లలు ఆడవాళ్లకు తలంటడమేంటని పెద్దవాళ్లు అడుగుతారు. తలకు నూనె పెట్టడానికి బాత్రూమ్ అక్కర్లేదు, హాల్లో పీటేస్తే చాలు. నీళ్లు కాచడం, బకెట్ మోయడం, సున్నిపిండి కలపడం ఏ పిల్లాడైనా చేయగలడు. మనం ఊరు మారినా, బడిలో కన్నడం చదువుకున్నా, తలంటు వదల్లేదు. అది మన పిల్లలకూ అందాలంటే, చేయించుకోవడంతో పాటు చేయడమూ వాళ్లకు రావాలి.

వచ్చే ఉగాదికి మొదటి పీట అమ్మకు వేయండి. నూనె గిన్నె కొడుకు చేతికివ్వండి.