ఎండిన కుండీని పారేయకండి

నర్సరీకి వెళ్లి "రోజూ నీళ్లు పోయక్కర్లేని మొక్క ఏదైనా ఉందా?" అని అడిగి చూడండి. కలబంద చూపిస్తారు, లేకపోతే స్నేక్ ప్లాంట్. రెండూ మంచివే. కానీ మనకి పూలు కూడా కావాలి కదా! అలాంటివాళ్ల కోసమే ఈ వారం రెయిన్ లిల్లీ.

పైకి చూస్తే గరిక గుబురులా ఉంటుంది. మట్టిలో మాత్రం చిన్న ఎర్రగడ్డ (మా చిత్తూరు వైపు ఉల్లిపాయని అలాగే అంటాం) లాంటి గడ్డ ఉంటుంది. గట్టి వాన పడిన మూడు నాలుగు రోజులకి గులాబీ రంగులోనో, తెలుపులోనో, పసుపులోనో పూస్తుంది. ఒక్కో పువ్వు ఉండేది ఒకటి రెండు రోజులే. అందుకే పూసిన పొద్దున వాట్సాప్ స్టేటస్‌లన్నీ ఇవే.

ఇది మన మొక్క కాదు. సొంతూరు అమెరికా ఖండాలు. 1821లో విలియం హెర్బర్ట్ దీనికి జెఫిరాంథస్ అని పేరు పెట్టాడు. గ్రీకు మాటల్లో పడమటి గాలి పువ్వు అని అర్థం. మా చంద్రగిరికి జూన్‌లో నైరుతి వానలు వస్తాయి, అక్టోబర్, నవంబర్‌లలో బంగాళాఖాతం వైపు నుంచి ఇంకో విడత పడతాయి. అంటే ఈ మొక్కకి ఏడాదికి రెండు ఛాన్సులు.

నా భాషలో చెప్పాలంటే, ఇది రోజూ పొద్దున ఏడింటికి దానంతటదే నడిచే ప్రోగ్రామ్ కాదు. ట్రిగ్గర్ కోసం ఎదురుచూసే ప్రోగ్రామ్. కొన్నాళ్లు మట్టి బాగా ఎండాలి, తర్వాత ఒక్కసారిగా తడవాలి. ఆ మార్పే ట్రిగ్గర్. గడ్డలోని పొరలన్నీ తిండి, నీళ్లు దాచుకున్న గోదాములు. కరువు రోజుల్లో ఆకుల్ని వదిలేసి గడ్డ ఒక్కటే లోపల బతుకుతుంది. రోజూ నీళ్లు పోస్తూ ఉంటే ఆకులు పచ్చగా వస్తాయి, పూలు తగ్గుతాయి. నీళ్లు నిలిచాయంటే గడ్డ కుళ్లిపోతుంది.

పెంచడం కష్టమేం కాదు. ఆరంగుళాల కుండీ, అడుగున చిల్లు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. ఐదారు గడ్డల్ని అంగుళం లోతులో, మెడ మట్టికి సమంగా ఉండేలా నాటండి. ఎండ బాగా తగలాలి. యూరియా వేయొద్దు, అది ఆకులకే పోతుంది. కాస్త ఇరుకుగా ఉంటేనే బాగా పూస్తుంది కాబట్టి రెండు మూడేళ్ల దాకా కదిలించకండి. పచ్చగా ఉన్న ఆకుల్ని కత్తిరించకండి, వచ్చేసారి పువ్వుకి తిండి వండేది అవే.

అసలు పరీక్ష ఎండాకాలంలో. మా వీధిలోకి ట్యాంకర్ వచ్చే రోజుల్లో నేను చెంబు పట్టుకుని మేడ ఎక్కుతుంటే అమ్మ ముందు బిందె వైపు చూస్తుంది, తర్వాత నా వైపు. రోళ్లు పగిలే రోహిణి కార్తెకి ఆకులన్నీ ఎండి కుండీలో ఉత్త మట్టే కనిపిస్తుంది. పోయినేడు అమ్మ ఆ మట్టిని గోడవతల పారబోయడానికి కుండీ ఎత్తింది. అవ్వ అడ్డుపడింది: "దాంట్లో ఉసురుంది మ్మే, పెట్టు కింద!" జూన్‌లో రెండు వానలు పడ్డాక ఆ కుండీలోనే పదకొండు పూలు పూశాయి. నేను లెక్కపెట్టాను.

ఎండిపోయింది అంటే ఇక లేదు అనుకోవడం మనకి అలవాటు. మా ఊరి పక్కన పారే స్వర్ణముఖినే తీసుకోండి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. అందులో క్రికెట్ ఆడి పెరిగినవాళ్లం మేము. అది నది అన్న సంగతి చాలామంది మర్చిపోయారు. 2021 నవంబర్‌లో వచ్చిన వరద గుర్తుచేసింది. కింద తిరుచానూరు వైపు ఒడ్డున ఉన్న ఇల్లు నీళ్లలోకి ఒరిగిపోయిన వీడియో మీరూ చూసే ఉంటారు. రాయలసీమలో ఎండిన ప్రతిదీ చచ్చిపోయినట్టు కాదు. వాన కోసం కాచుకుని ఉంటుంది, అంతే. గడ్డ విషయంలో మర్చిపోతే పోయేది పదకొండు పూలు. నది విషయంలో మర్చిపోతే పోయేది ఇల్లు.

ఒక జాగ్రత్త. ఉల్లి, వెల్లుల్లి, రెయిన్ లిల్లీ మూడూ ఒకే కుటుంబం. కానీ దీని గడ్డలో లైకోరిన్ అనే విషం ఉంటుంది. తింటే వాంతులే. కాబట్టి తవ్వి తీసిన గడ్డల్ని వంటింట్లో ఎర్రగడ్డల బుట్ట పక్కన పెట్టకండి, చిన్నపిల్లలకి, కుక్కలకి అందనివ్వకండి. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

మీ మేడ మీద కూడా ఎండిన కుండీ ఒకటి ఉండే ఉంటుంది. పారేసే ముందు మట్టి కొంచెం తవ్వి, గడ్డని వేలితో నొక్కి చూడండి. మెత్తగా నీళ్లు కారితే పోయినట్టే. గట్టిగా తగిలిందా, కుండీని అక్కడే ఉంచండి, వాన రానీండి.